తక్కువ డబ్బుతో, భూమికి భారం కాకుండా బట్టలు: నల్లగొండ, పాలమూరు ఇండ్లకు ఏది సరిపోతుంది?

బట్టల కోసం నెలకు ఐదారు వందలకు మించి తీయలేని ఇంటికి "చేనేత కొనండి" అన్న ఒక్క మాట చాలదు. ఏ చేనేత, ఎక్కడ, ఎంతలో అన్నది తేలాలి. అసలు కొనకుండా గడిచే దారి ఏదన్నా ఉందా అన్నది అంతకంటే ముందు తేలాలి. మన దగ్గర మామూలుగా ఐదు దారులున్నాయి: ఇంట్లో ఉన్నదాన్ని మార్చి కుట్టించుకోవడం, ఇంకొకరు వాడినవి తీసుకోవడం, చేనేత కొనడం, మిల్లు కాటన్ గుడ్డ తెచ్చి కుట్టించడం, చవక రెడీమేడ్ కొనడం. ఏ ఒక్కటీ అందరికీ సరిపోదు.

## ముందు దేన్ని చూడాలి

ధర చీటీ మీదున్నది సగం ధరే. గుడ్డకు కుట్టుకూలి, చీరకు ఫాల్, పీకో, జాకెట్టు, పట్టుకు డ్రైక్లీనింగ్, దూరం పోయి కొంటే బస్సు చార్జీ కూడా కలపాలి. వచ్చిన మొత్తాన్ని ఎన్నిసార్లు వేసుకుంటారో ఆ సంఖ్యతో భాగించాలి. కింది లెక్క ఒక కుర్తీకి. ధరలు ఉదాహరణకు వేసినవే, వాటి చోట మీ ఊరి ధరలు వేసుకోండి.

| దారి | మొత్తం ఖర్చు | ఎన్నిసార్లు వేసుకోవచ్చు | ఒక్కసారికి |
|---|---|---|---|
| పాత చీరతో కుర్తీ (కుట్టుకూలి మాత్రమే) | 300 | 40 | 7.50 |
| ఇంకొకరు వాడినది (150) + ఆల్టరేషన్ (60) | 210 | 30 | 7.00 |
| మిల్లు కాటన్ రెండున్నర మీటర్లు (350) + కూలి (250) | 600 | 80 | 7.50 |
| చేనేత ఇక్కత్ రెండున్నర మీటర్లు (650) + కూలి (250) | 900 | 100 | 9.00 |
| చవక పాలిస్టర్ రెడీమేడ్ | 350 | 25 | 14.00 |

పాలిస్టర్‌కు 25 ఎందుకు వేశామని అడగొచ్చు. ఆ గుడ్డ తొందరగా చిరిగిపోతుందని కాదు, గుడ్డగా చూస్తే అది గట్టిదే. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలకు పోయినప్పుడు దాన్ని వేసుకోలేక మనమే పక్కన పెడతాం. మామూలు గాలిలో నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమను పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే చెమట ఒంటికే అంటుకొని ఉంటుంది. బట్ట బాగానే ఉండి బీరువాలో మూలకు పడితే, దాని మీద పెట్టిన డబ్బూ, దాని తయారీకి అయిన ముడి చమురు, కరెంటూ వృథానే.

రెండోది నీళ్లు. చాలా ఊళ్లలో బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి జిడ్డు మడ్డిగా మారి పోగుల మధ్య కూర్చుంటుంది. తెల్లవి బూడిద రంగుకు తిరుగుతాయి, కాటన్ అట్టలా బిగుసుకుంటుంది, మడతల దగ్గర తొందరగా చిట్లుతుంది. ఇంటికి భగీరథ నల్లా వస్తుంటే కనీసం ఆఖరి జాడింపు ఆ నీళ్లతో చేయండి. బోరు నీళ్లే దిక్కయితే కాటన్‌కు సబ్బు బిళ్ల కంటే డిటర్జెంట్ పౌడర్ నయం. పట్టుకు, లేత రంగులకు కుంకుడుకాయ రసం మంచిది, అది ఈ నీళ్లలో మడ్డి కట్టదు. బట్ట ఆయుష్షు కొన్నచోట కన్నా ఉతికే చోటే ఎక్కువ తేలుతుంది.

మరమ్మతు అవుతుందా, ఆఖరికి ఏమవుతుంది అన్నవి మిగతా రెండు. నూలు చీర పాతబడితే బొంతకు పోతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది, అదీ పీలికలైతే మట్టిలో కలుస్తుంది. పాలిస్టర్‌కు ఈ వరుస లేదు. మసిగుడ్డగా పెడితే నీళ్లు పీల్చదు, వేడి గిన్నె పట్టుకుంటే కరుగుతుంది, కాలిస్తే ఘాటు పొగ వస్తుంది.

## ఇంట్లో ఉన్నదాన్ని మార్చడం

డబ్బు గట్టిగా లేనివాళ్లకు మొదటి దారి ఇదే కావాలి. అయితే ప్రతి పాత చీరా కుర్తీకి పనికిరాదు. కూలి పెట్టి కుట్టించాక నెలకే చంకల దగ్గర చిరిగితే ఆ 300 పోయినట్టే. అందుకే కత్తెర పెట్టకముందే రెండు పరీక్షలు చేయాలి. చీరను వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. పోగులు పలచబడిన చోట జల్లెడలా కనబడుతుంది. తర్వాత రెండు బొటనవేళ్ల మధ్య అంగుళం గుడ్డ పట్టి గట్టిగా లాగండి. పోగులు పక్కకు జరిగినా, చిట్ అని చప్పుడైనా అది బొంతకే.

చీరలో ముందుగా పాడయ్యేవి కుచ్చిళ్ల కింది అంచు, నడుము దగ్గర దోపుకునే భాగం, భుజం మీద పిన్ను పెట్టే చోటు. మిగతా గుడ్డ తరచూ గట్టిగానే ఉంటుంది. అయిదున్నర మీటర్ల చీరలో ఒక కుర్తీకి రెండున్నర, చున్నీకి రెండుంబావు మీటర్లు పోయినా ముక్కాలు మీటరు మిగులుతుంది. పాడైన చోట్లు ఆ మిగులులోకి వచ్చేలా గీతలు గీయమని టైలర్‌కు ముందే చూపించాలి. చెప్పకపోతే కొంగు వైపు నుంచి వరుసగా కోసుకుంటూ పోతారు. పలచని చీరకు కాటన్ లైనింగ్ తప్పదు, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

జాకెట్టు, కుర్తీ కొత్తగా కుట్టించేటప్పుడు రెండు పక్కలా లోపల అంగుళంన్నర గుడ్డ వదలమనండి, పక్క కుట్లు మూడు వరుసలు వేయమనండి. ఒళ్లు వస్తే ఒక కుట్టు విప్పుకుంటే సరిపోతుంది. ఈ చిన్న మాట మరిచిపోవడం వల్లే గుడ్డ బాగున్న జాకెట్లు ఎన్నో మూలన పడుతున్నాయి. మగ్గం వర్క్ జాకెట్లకు ఇది మరీ ముఖ్యం. పని కుట్టు దాకా వస్తే తర్వాత ఎవరూ వెడల్పు చేయలేరు.

మగవాళ్ల అంగీల్లో ముందు అరిగేది కాలర్ మడత. కాలర్‌ను విప్పి తిప్పి కుడితే అరిగిన వైపు కిందికి పోయి అంగీ ఇంకో ఏడాది నడుస్తుంది. పాత టైలర్లు ఈ పని ఇప్పటికీ చేస్తారు. జీన్స్ తొడల మధ్య పలచబడుతున్నట్టు కనబడగానే లోపల ముక్క వేసి అటూ ఇటూ మిషను కొట్టించాలి. చిల్లు పడ్డాక చుట్టూ ఉన్న గుడ్డ కూడా బలహీనమై ఉంటుంది కాబట్టి ముక్క నిలవదు.

వెలిసిన కాటన్‌కు రంగు అద్దించవచ్చు. పాలిస్టర్ కలిసిన గుడ్డ ఆ రంగు సరిగ్గా పట్టదు. కాటన్ కుర్తీనే అద్దించినా కుట్టిన దారం పాలిస్టర్‌ది అయితే దారం పాత రంగులోనే ఉండి కుట్లన్నీ గీతల్లా బయటికి కనబడతాయి. అందుకే వెలిసిన దానికంటే ముదురు, కానీ అదే జాతి రంగు ఎంచుకోండి.

## ఇంకొకరు వాడినవి

అక్క గౌను చెల్లెకు, మేనమామ కొడుకు స్కూలు బట్టలు మేనత్త కొడుకుకు పోవడం మన ఇండ్లలో కొత్త కాదు. పిల్లల బట్టలకు దీన్ని మించిన దారి లేదు. అవి చిరిగేలోపే చిన్నవైపోతాయి. పెద్దవాళ్ల విషయంలో మాత్రం నామోషీ అడ్డం వస్తుంది. బాగున్న చీరలను స్టీలు గిన్నెల బండికి వేసి ఒక డబ్బా తీసుకోవడం కంటే, అదే చీరను వదినకో మరదలికో ఇచ్చి వాళ్లది ఒకటి తీసుకుంటే ఇద్దరికీ కొత్తదే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

బయటివాళ్ల దగ్గర గానీ ఆన్‌లైన్‌లో గానీ కొంటే చంకల కింద మరకలు, కాలర్ లోపలి వైపు, ప్యాంటు తొడల మధ్య, జిప్పు, చీర మడత గీతలు చూడాలి. పాత పట్టు చీరలో జరీ బాగుండి మడత గీత మీద పట్టు పీలికలైతే దాన్ని బాగుచేయలేం. ఆన్‌లైన్‌లో ఎం, ఎల్ సైజులను నమ్మొద్దు. మీకు సరిగ్గా పట్టే కుర్తీని నేల మీద పరిచి చంక నుంచి చంకకు టేపుతో కొలవండి, అమ్మేవాళ్లను అదే కొలత అడగండి. వాపసు ఉండదు కాబట్టి కొరియర్ ఖర్చు ధరలో సగం దాటితే వదిలేయండి. ఇంటికి తెచ్చాక కాటన్‌ను వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి, వేడి ఇస్త్రీ చేశాకే వేసుకోండి. లోదుస్తులు, సాక్సులు మాత్రం కొత్తవే కొనాలి.

## చేనేత: ఖరీదైనదేనా?

పట్టు చూస్తే ఖరీదే. కానీ మన చుట్టూ ఉన్నది పట్టు ఒక్కటే కాదు.

నల్లగొండ వైపు వాళ్లకు భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం దగ్గర. ఇవి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా పాత నల్లగొండవే. ఇక్కత్‌ను అక్కడ చిటికి పని అంటారు. నేయకముందే నూలును కట్టలు కట్టి, కట్టిన చోట రంగు ఎక్కకుండా అద్దుతారు. పడుగుకూ (నిలువు పోగులు) పేకకూ (అడ్డ పోగులు) రెండింటికీ చిటికి కడితే డబుల్ ఇక్కత్, దాని ధర మన బడ్జెట్‌కు అందదు. పేకకో పడుగుకో ఒక్కదానికే కట్టినదాని ధర చాలా తక్కువ. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు అడగాల్సింది ఇదే: సింగిల్ ఇక్కత్ కాటన్ గుడ్డ, మీటర్ల లెక్కన. నూలు 40, 60 కౌంటు రోజువారీ వాడకానికి గట్టిగా ఉంటుంది. కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, ధర పెరుగుతుంది, ఉతుకుడుకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెంలో ఇక్కత్ దుప్పట్లకు పేరుంది. 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన పుట్టపాక తేలియా రుమాలు గొప్ప పని, కానీ నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి సిద్ధం చేసే పని కాబట్టి ధర ఆ మేరకే ఉంటుంది. బడ్జెట్ కొనుగోలులో దాన్ని చేర్చకండి.

పాలమూరు వైపు వాళ్లు పోచంపల్లి దాకా పోవక్కర్లేదు, చార్జీలకే ఒక జాకెట్టు గుడ్డ ధర పోతుంది. నారాయణపేట కాటన్ చీర చాలు. గళ్ల ఒడలు (చీర మధ్య భాగం), గట్టి అంచు, ముదురు రంగులు. ఆఫీసుకూ పండుగకూ రెండింటికీ నడుస్తుంది. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. ఈ రెంటినీ మగ్గం మీదనే కలుపుతారు. చూడడానికి పట్టు చీర హోదా, కట్టుకుంటే నూలు చల్లదనం. పెళ్లిళ్లకు పూర్తి పట్టు కొనలేనివాళ్లు మెరుపు కోసం పాలిస్టర్ 'పట్టు'కు పోతుంటారు. వాళ్లకు మా సలహా గద్వాల కాటనే. ఒక్క జాగ్రత్త: ముదురు పట్టు అంచు తడిసి లేత నూలు ఒడలులోకి రంగు దిగే ప్రమాదం ఉంది. మొదటి ఒకటి రెండు సార్లు డ్రైక్లీనింగ్ చేయించండి. ఆ తర్వాతా నానబెట్టొద్దు, చల్లనీళ్లలో గబగబా జాడించి నీడలో ఆరేయండి.

చేనేత పేరుతో అచ్చు గుడ్డ అంటగట్టడం ఎక్కువ. అసలు ఇక్కత్‌లో డిజైను రెండు వైపులా ఒకే ముదురుతో ఉంటుంది, పువ్వు అంచులు కొంచెం మసకగా, అటూ ఇటూ కదిలినట్టు ఉంటాయి. అచ్చులో వెనకవైపు వెలిసినట్టుండి, ముందువైపు గీత కత్తితో కోసినట్టుంటుంది. హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టుకైతే సిల్క్ మార్క్ చీటీ అడగండి. "నేచురల్ రంగులు" అన్నమాటకు అదనంగా డబ్బు పెట్టొద్దు. మామూలు ధరలో దొరికే ఇక్కత్ చాలావరకు రసాయన రంగులదే, కౌంటరు దగ్గర తేడా తేల్చలేం. తడి తెల్ల దస్తీతో మూలన రుద్దితే రంగు ఎంత దిగుతుందో మాత్రం తెలుస్తుంది. కొద్దిగా దిగితే పర్వాలేదు, దస్తీ నిండా అంటితే వద్దు. కొత్త బట్టను ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం ఉంది. పైపైన మిగిలిన రంగు ఉప్పుతో అంటుకోదు. మూడు నాలుగు సార్లు చల్లనీళ్లలో విడిగా ఉతకడమే మందు.

## మిల్లు కాటన్ తెచ్చి కుట్టించడం

చేనేత అందనప్పుడు మధ్యదారి. చేతి మగ్గానికి పని దొరకదు కానీ నూలు గుడ్డకున్న మంచి గుణాలన్నీ ఉంటాయి, కొలత మనది కాబట్టి ఎక్కువ కాలం నడుస్తుంది. 36 అంగుళాల పన్నాలో నిండు చేతుల అంగీకి రెండుంబావు, కుర్తీకి రెండున్నర, జాకెట్టుకు 80 సెంటీమీటర్ల నుంచి మీటరు. కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు దాకా ముడుచుకుంటుంది. అంటే 40 అంగుళాల కుర్తీ రెండు అంగుళాల దాకా పొట్టి కావచ్చు. టైలర్‌కు ఇవ్వకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేయండి. లైనింగ్‌కూ అంతే. పై గుడ్డ ముడుచుకోక లైనింగ్ ఒక్కటే ముడుచుకుంటే జాకెట్టు గుబ్బలు తేలి బిగుసుకుంటుంది.

కాటన్ అని చెప్పి రేయాన్ ఇస్తారు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రేయాన్ మెత్తగా, చల్లగా జారుతుంటుంది, చేతికి హాయిగా ఉంటుంది. కానీ తడిస్తే దాని బలం దాదాపు సగం పడిపోతుంది. కాటన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. బండ మీద బాదే ఇంట్లో రేయాన్ కుర్తీ నాలుగు నెలల్లో జాలి గుడ్డవుతుంది. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాలిస్తే పాలిస్టర్ కరిగి నల్లని గట్టి పూసవుతుంది, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. కాటనూ రేయానూ రెండూ కాగితంలాగే కాలుతాయి కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు. ఆ పోగును తడిపి లాగండి. చటుక్కున తెగితే రేయాన్.

## చవక రెడీమేడ్

ఇది ఎప్పుడూ తప్పే అనడం సరికాదు. రోజూ దుమ్ములో ఆడే పిల్లల స్కూలు యూనిఫారానికి పాలిస్టర్, కాటన్ కలిసిన టెర్రీకాటన్ నిజంగా ఎక్కువ మన్నుతుంది, ఇస్త్రీ అడగదు. వానాకాలం బస్సు ప్రయాణాలకు తొందరగా ఆరే గుడ్డ కావాలి. ఇంట్లో ఇప్పటికే ఉన్న పాలిస్టర్‌ను పారేసి కాటన్ కొనడం కూడా తప్పే, ఉన్నదాన్ని అరిగేదాకా వాడడమే మేలు. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన పాలిస్టర్ బతుకమ్మ చీరలు కొన్ని ఇండ్లలో మడత విప్పకుండానే ఉన్నాయి. కర్టెన్లకు, సంచులకు, కూలరు మీద కప్పడానికి అవి బాగా పనికొస్తాయి. బొంతకు మాత్రం పై గుడ్డగా వేయొద్దు, ఎండాకాలం ఒంటికి అంటుకుంటుంది.

ఆషాఢం తగ్గింపులో మోసపోయేది ఇక్కడే. రెండు కొంటే రెండు ఉచితం అన్నచోట అవసరం ఒక్కదానికే ఉంటుంది. ఆ నెలలో కొనదగ్గది రంగు, డిజైను పాతబడనివి: తెల్ల కాటన్ గుడ్డ, లంగా గుడ్డ, తువ్వాళ్లు, చద్దర్లు, లైనింగ్. ఇంట్లో ఏం తక్కువుందో చీటీ రాసుకొని పోవాలి.

## ఎవరికి ఏది

కాలేజీ పిల్లలకు నాలుగు కాటన్ కుర్తీలు, రెండు ముదురు రంగు ప్యాంట్లు చాలు, కలిపి మార్చుకుంటే ఎనిమిది జతలవుతాయి. నాలుగు కుర్తీల్లో రెండు అమ్మ చీరలవైతే కుర్తీల గుడ్డ ఖర్చు సగానికి దిగుతుంది. బడికి, ఆఫీసుకు చీర కట్టేవాళ్లకు ఏడాదికి రెండు నారాయణపేట కాటన్లు, చిట్టీలో నెలకింత వేసుకొని కొనుక్కున్నా, ఐదు సింథటిక్ చీరల కంటే నయం. గంజి పలుచగా పెట్టండి. గంజి పెట్టిన చీరను నెలల తరబడి దాస్తే పురుగు పడుతుంది, మడత దగ్గర చిట్లుతుంది. దాచేముందు గంజి పోయేలా ఉతకాలి. పొలం పనికి పోయేవాళ్లకు కొత్తదేదీ వద్దు. పాత నిండు చేతుల కాటన్ అంగీని చీర మీద వేసుకోవడం ఇప్పటికే ఉన్న అలవాటు. పత్తి ఏరేటప్పుడు గీతలకూ, ఎండకూ అంతకంటే మంచిది లేదు.

పెళ్లిళ్ల దగ్గరే బడ్జెట్లు కూలుతాయి. ఏడాదికి రెండు మూడు సార్లకు మించి కట్టని చీరకు అప్పు చేయకండి. దగ్గరివాళ్ల దగ్గర తీసుకోండి, అద్దెకు దొరికితే అదీ మంచిదే. ఉన్న ఒక్క మంచి చీరకే రెండు రంగుల జాకెట్లు కుట్టించుకుంటే, ఫొటోల్లో వేరే చీరలాగే ఉంటుంది. అడిగి తీసుకున్న పట్టు చీరను తిరిగి ఇచ్చేటప్పుడు చెమట ఆరేదాకా నీడలో గాలికి వేసి, పాత మడతల మీద కాకుండా కొత్త మడతలు పెట్టి, నూలు గుడ్డలో చుట్టి ఇవ్వండి. జరీకి నాఫ్తలీన్ గోలీలు తగలనివ్వొద్దు, ప్లాస్టిక్ కవరు అసలే వద్దు.